తెల్లమబ్బు కింద సుడి

“పారిపోయిన మనిషి గురించి ఇంత చర్చ దేనికండీ? మారివిక్‌ను తొలగించండి. తప్పు ఆమెదే” అన్నాడు డైరెక్టర్ కియాంబావ్.

ఫిలిప్పీన్స్‌లోని సమార్ దీవిని తుపాను ఊడ్చి వారమైంది. వాతావరణ కార్యాలయంలో విచారణ జరుగుతోంది. తుపాను కేంద్రాన్ని తప్పుగా గుర్తించడంతో దక్షిణ తీరానికి హెచ్చరికే అందలేదు. ఆ రాత్రి ఉపగ్రహ చిత్రాలు చూసినవారు ఇద్దరే: డైరెక్టర్, ఆయన సహాయకురాలు మారివిక్. ఆమె విధుల మధ్యలోనే వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

దారి తెరుచుకోగానే దక్షిణ తీరం నుంచి వచ్చిన జాలరి ముసలమ్మ పాసింగ్ లేచి నిలబడింది.

“కేంద్రం ఎక్కడన్నావు నాయనా?”

“తెల్లమబ్బు నడుమ. రాత్రి చిత్రాల్లో పైమబ్బే కనిపిస్తుంది. ఎవరైనా అక్కడే గుర్తు పెడతారు.”

“పైగాలి ఆ మబ్బును ఉత్తరానికి ఈడ్చుకుపోయింది. సుడి మా నెత్తిమీదే ఉండిపోయింది. తెల్లవారాక లోకమంతా చూసింది!”

విచారణాధికారిణి లూర్దెస్ డైరెక్టర్ వైపు తిరిగింది. “ఆ మాట మారివిక్ ఆ రాత్రే చెప్పిందా?”

“ఏదో గొణిగింది. నిన్నగాక మొన్న చేరిన పిల్ల. ఇక్కడ పెద్దవాళ్ల గుర్తే చెల్లుతుంది. అది మా పద్ధతి.”

“మీ పద్ధతి మా ఇళ్లను మింగింది!” పాసింగ్ చేతికర్రతో నేలను మోదింది.

“కాదనను. అయినా మీ పల్లెలో పోయింది ఒక్క ప్రాణమేనని విన్నాం.”

“ఒక్కటేనా? ప్రాణాలను కూడా చేపల్లా తూకం వేస్తావా?”

“నామీద అరుస్తారేం? చేతనైతే ఆ మారివిక్‌ను పట్టుకురండి. ముఖం చెల్లక ఎక్కడో దాక్కుంది.”

లూర్దెస్ ముసలమ్మను అవ్వా అన్నట్టు ‘లోలా’ అని పిలిచి నెమ్మదిగా అడిగింది. “లోలా, ఆమె ఎక్కడుందో మీకు తెలుసా?”

“తెలియకేం? ఆ రాత్రి మోటారుసైకిలు మీద వానలో మా పల్లెకే వచ్చింది. ప్రతి గుడిసె తలుపూ తన్నింది. ‘లోలా, ఆ తిట్లేవో కొండమీద తిడుదువుగానీ, ముందు కదులు’ అని నన్ను తరిమింది. పసివాళ్లను చంకనేసుకుని మోసింది.”

“మరింకేం! వచ్చి ఆ మాటే చెప్పమనండి” డైరెక్టర్ వెటకారంగా నవ్వాడు.

పాసింగ్ అతని కళ్లలోకి సూటిగా చూసింది.

“మా పల్లెవాళ్లం అందరం బతికాం; అలలు లాక్కుపోయిన ఆ ఒక్క ప్రాణం మారివిక్‌దే.”