తొమ్మిది టోకెన్లు

“ఇంకోసారి చెప్పు.”

“ఏడు, మూడు, సున్నా, ఎనిమిది.”

“సున్నా కాదు, తొమ్మిది. ఏడు, మూడు, తొమ్మిది, ఎనిమిది.”

అంకన్న నుదురు కొట్టుకున్నాడు. యర్రగొండపాలెంలో ఎక్కిన బస్సు గుంతల్లో ఊగుతూ మార్కాపురం వైపు పోతోంది. కిటికీ పక్కన కూర్చున్న శ్రీశైలమ్మ ఉబ్బిన కాళ్లను ముందు సీటు కిందికి చాపుకుని, భర్త చేత మళ్లీ మొదటినుంచి చెప్పించింది.

“ఆ రజియా కొంచెం సులువైన అంకె చూడకపోయిందే?” అన్నాడు అతను.

“ఆ పిల్ల చూసినకాడికి చూసింది. నువ్వు చెప్పు.”

శ్రీశైలమ్మకు మూత్రపిండాలు చెడిపోయి ఏడాదిన్నర. వారానికి రెండుసార్లు ఒంగోలు పోయి డయాలసిస్ చేయించుకుని రావాలి. పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు. కిందటిసారి తిరుగు ప్రయాణంలో బస్సులోనే స్పృహ తప్పింది. ఇక ఇంత దూరం తిప్పితే మనిషి దక్కదని అక్కడి డాక్టరు చెప్పేశాడు. రాష్ట్రం విడిపోయిన రెండో ఏడు, మార్కాపురంలో ఒక ట్రస్టువాళ్లు డయాలసిస్ యంత్రాలు పెట్టారు. అన్నీ నిండిపోయి ఒక్కరికే చోటు మిగిలింది. అడిగినవాళ్లు తొమ్మిదిమంది. కంప్యూటర్‌లో లాటరీ తీస్తామన్నారు. శ్రీశైలమ్మది ఆరో టోకెను.

ట్రస్టులో కంప్యూటర్ పని చేసే రజియా బేగం వీళ్ల పక్కింటి పిల్ల. తల్లి పోయాక శ్రీశైలమ్మ చేతి అన్నం తిని పెరిగింది. మొన్న సాయంత్రం అంకన్న గొర్రెలు తోలుకుని రాకముందే వచ్చి, లాటరీలో అతను చెప్పాల్సిన అంకె శ్రీశైలమ్మకు చెప్పి పోయింది.

“అది నిజంగా మన టోకెనే తీస్తాదా?” అంకన్నకు ఇంకా అనుమానమే.

“కంప్యూటర్‌కు సొంతంగా అంకె పుట్టించేది రాదంట. మనం ఒకటి ఇస్తే, దాన్ని తిప్పి తిప్పి ఒక టోకెను తీస్తాదంట. అదే అంకె ఎన్నిసార్లు ఇచ్చినా అదే టోకెను. రజియా ముందే కూచోని ఒక్కో అంకె ఇచ్చి చూసుకునింది.”

“వేరే అంకె ఇస్తే?”

“ఎవరిదో వస్తాది. ఎవరిదో ఎవరికీ తెలీదు.”

“అయితే పొరపాటు పోగూడదు,” అని అతను మళ్లీ మొదలుపెట్టాడు.

సగం దారిలో ఆమె అడిగింది. “మనకొస్తే, తక్కిన ఎనిమిదిమంది ఏమైతారు?”

“ఒంగోలు పోతారు. మనం పోలా? వాళ్ల సంగతి ఎత్తబాక.”

ఆమె కిటికీలోంచి ఎండిన కందిచేలను చూసింది. “సరే, చెప్పు,” అంది.

ట్రస్టు హాల్లో అప్పటికే జనం ఉన్నారు. శ్రీశైలమ్మ కూర్చోబోయిన కుర్చీని కంభం నుంచి వచ్చిన కొండయ్య లాక్కుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మూడో టోకెను. పక్కన అతని భార్య చంకలో పసిపిల్లతో నిలబడి ఉంది.

“ఏం మామా, పెదాలు ఆడుతుండాయి, మంత్రమా?” అన్నాడు అంకన్నతో.

“దేవుణ్ణి తలుచుకుంటుండా.”

“కంప్యూటర్‌కు దేవుడెవరో తెలీదు మామా. నా మాదిరి గట్టిగా అరువు, వింటాదేమో!” అని నవ్వబోయి దగ్గులో పడ్డాడు.

మేనేజరు వచ్చి అందరినీ ఊరుకోమన్నాడు. “మా అమ్మాయి చేతిలో ఏమీ లేదు. మొదలుపెట్టే అంకె మీలో ఒకరే చెప్పాలి. నాలుగంకెలది. ఎవరు చెప్తారు?”

గడప పక్కన నిలబడిన అంకన్న తప్ప అందరూ ఒక్కసారే అరిచారు. రజియా తలెత్తకుండానే అంది. “ఆ గడప కాడ నిలబడినాయన్ని అడగండి సార్. గొడవ చెయ్యకుండా ఉండేది ఆయనొక్కడే.”

అంకన్న ఒక అడుగు ముందుకు వేశాడు. భార్య వైపు చూశాడు. ఆమె మెల్లగా తలూపింది.

“ఏడు... మూడు... తొమ్మిది... ఎనిమిది.”

రజియా వేళ్లు మీటల మీద ఆగిపోయాయి. తలెత్తి అతనివైపు చూసింది.

“కొట్టమ్మా,” అన్నాడు మేనేజరు.

ఆమె కొట్టింది. గోడమీది తెరపై ఒక అంకె వచ్చి నిలబడింది. మూడు.

అరుస్తాడనుకున్న కొండయ్య అరవలేదు. కుర్చీలోంచి నేలమీదికి జారి, తువాలులో ముఖం పెట్టుకున్నాడు. “మనదేనయ్యా, మనదే,” అంటూ భార్య అతని భుజం పట్టి కుదుపుతోంది.

తెరమీది అంకె మారుతుందేమోనని అంకన్న ఇంకా చూస్తూనే ఉన్నాడు. శ్రీశైలమ్మ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

“పదయ్యా. నాలుగు గంటల బస్సుకు పోదాం.”

ఆమెను బయట బల్లమీద కూర్చోబెట్టి అతను వెనకవైపుకు నడిచాడు. రజియా కుళాయి దగ్గర ఏడుస్తూ నిలబడి ఉంది.

“అన్నం పెట్టిన మనిషికి ఇంత మోసమా?” అన్నాడు. “బస్సులో నూరుసార్లు చదువుకున్నా. ఒక్కటి గూడా తప్పు పోలా. నువ్వు చెప్పిందే చెప్పినా.”

“నేను చెప్పింది నువ్వు చెప్పలేదు చిన్నాయనా.”

“ఏడు, మూడు, తొమ్మిది, ఎనిమిది గాదా?”

రజియా చున్నీతో ముఖం తుడుచుకుంది. “నీ నోటికి సులువుగా ఉండాలని రెండురోజులు వెతికినా. చిన్నమ్మ విని నవ్వింది గూడా, మీ చిన్నాయన దీన్ని నిద్దట్లో గూడా చెప్తాడని.”

అంకన్న వెనక్కి తిరిగి చూశాడు. బల్లమీద శ్రీశైలమ్మ ఎండలో కళ్లు మూసుకుని కూర్చుని ఉంది.

“ఏందమ్మా ఆ అంకె?”

“నాలుగూ ఒకట్లే.”