కృపావతి ఇచ్చిన నెత్తురు

ఆళ్లగడ్డలో బస్సు దిగి, సారమ్మ ఇల్లు అడుక్కుంటూ వచ్చింది ఆ అమ్మాయి. భుజాన సంచి, చేతిలో థర్మకోల్ పెట్టె. 2003 ఎండాకాలం.

పేరు భ్రమరాంబిక అంది. హైదరాబాదులో క్యాన్సర్ మీద పరిశోధన చేస్తున్నానంది.

"డాక్టరమ్మవా?" అడిగింది సారమ్మ.

"కాదు పెద్దమ్మా. నెత్తురు తీయడం వరకు నేర్చుకున్నాను, మిగతా పనంతా కంప్యూటర్ మీదే. నెత్తురులోని జన్యువులు ఎట్లా పనిచేస్తాయో చూస్తాను."

సారమ్మ వీధి తలుపు దగ్గరగా వేసింది.

కూతురు ప్రసన్నకుమారికి పాణ్యం సంబంధం మాటల్లో ఉంది. పిల్ల అవ్వ రొమ్ము క్యాన్సర్‌తో పోయిందట కదా అని మగపెళ్లివాళ్లు అప్పటికే ఆరా తీస్తున్నారు. ఇప్పుడు ఈమె ఒకతె తయారైంది.

"మా యమ్మ జరమొచ్చి సచ్చిపోయింది. నీకెవురు సెప్పినారు?"

ఆ అమ్మాయి సంచిలోంచి కాగితం తీసి గుండ్రాలు, గీతలతో వంశవృక్షం గీసుకుంది.

"మీ అమ్మకు ఎంతమంది ఆడపిల్లలు?"

"నేనొక్కదాన్నే."

అది అబద్ధమని కోడలు కృపావతికి తెలుసు. తెలిసీ తల దించుకుని బియ్యం చెరుగుతూ కూర్చుంది.

ఆ అమ్మాయి కలం కాసేపు కాగితం మీదే ఆగిపోయింది.

"సరే పెద్దమ్మా. జన్యువు బాగానే ఉన్నా, దాన్ని నడిపే మీట చెడిపోయి ఉండొచ్చు. కాలువ నిండా నీళ్లున్నా తూము మూసుకుపోతే చేనికి పారవు కదా, అట్లా. మీ అమ్మాయి నెత్తురు తీసుకుని ఆ లోపముందేమో చూస్తే ముందే జాగ్రత్తపడొచ్చు."

"మాకేం వద్దు. పో పాపా."

"లోపం లేకపోతే లేదని కాగితం రాసి పంపిస్తాను."

సారమ్మ గడుసుది. కాగితం అనే మాట చెవిన పడగానే ఆగింది. పాణ్యం వాళ్ల నోరు మూయించడానికి అంతకంటే ఏం కావాలి?

కానీ నిజంగానే ఉంటే?

కోడలి రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

"నువ్వు పోయి కూసో. పేరడిగితే ప్రసన్నకుమారి అను."

"నా రగతం ఆమె పేరుతోనా అత్తా? తప్పు కదా."

"నువ్వేమన్నా ఈ ఇంట్లో పుట్టినావా? నీకు యాడిది దోషం? పిల్ల పెండ్లి కావాల్నా వద్దా?"

తలుపు చాటున ప్రసన్నకుమారి అంతా వింది. నోరు మెదపలేదు. ఆ పిల్లకూ పెళ్లి కావాలి మరి.

కృపావతి తాళి పైట కింద దాచుకుని చెయ్యి చాపింది.

సూది తీశాక ఆ అమ్మాయి ఆమె తల నిమిరింది.

"భయపడొద్దు ప్రసన్నా. నీకేం కాదు."

కృపావతికి ఏడుపొచ్చింది.

మూడు నెలలకు ఉత్తరం వచ్చింది. ప్రసన్నకుమారికి ఆ లోపం లేదు. కింద చేత్తో రాసిన రెండు ముక్కలు: "ఇది చూసి నాకు ఏడుపు ఆగలేదు పెద్దమ్మా. చాలా రోజులకు ఇవాళ కడుపునిండా తిన్నాను."

"ఈమెకేందంట అంత సంబడం?" అని సారమ్మ నవ్వింది.

ఉత్తరం జిరాక్స్ తీసి పాణ్యం పంపింది. పెళ్లి జరిగిపోయింది.

మూడేళ్లకు ప్రసన్నకుమారి రొమ్ములో గడ్డతో పుట్టింటికొచ్చింది. గడ్డ ఏడాదిగా ఉందట. నీకు రాదని కాగితముంది కదా అని మొగుడు ఆసుపత్రికి తీసుకుపోలేదు. ఆ నెత్తురు నాది కాదని ఈ పిల్ల చెప్పుకోలేకపోయింది.

నంద్యాల డాక్టరు చూసి, చాలా ఆలస్యం చేశారన్నాడు.

సారమ్మ ఆసుపత్రి ఎదుటి ఎస్టీడీ బూత్‌లో దూరి, ఉత్తరం మీది నంబరుకు ఫోన్ చేసింది. ఎవరో మగమనిషి ఎత్తాడు.

"భ్రమరాంబిక మేడమ్ పోయిన ఏడాదే చనిపోయారమ్మా. అదే జబ్బు. వాళ్లమ్మగారూ దాంతోనే పోయారు. ఈ పరిశోధనలో మొదట పరీక్షించిన నెత్తురు మేడమ్‌దే."

సారమ్మ రిసీవరు చెవికి అదుముకుంది.

"మరి ఇన్ని ఊర్లుండంగ మా ఇంటికే యాలొచ్చిందప్పా?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"అది తెలీదమ్మా. మేడమ్ కాగితంలో తల్లి పేరు సుగుణమ్మ, ఆమె పుట్టిల్లు ఆళ్లగడ్డ అని మాత్రం ఉంది."

చర్చి కాదని ఆత్మకూరు హిందువుల అబ్బాయిని చేసుకున్నందుకు, ముప్పై ఏళ్లుగా ఇంట్లో ఎవరినీ పేరెత్తనివ్వకుండా సారమ్మ తుడిచేసిన సొంత చెల్లెలు సుగుణమ్మ కూతురు, ఆ అమ్మాయి.