రంగు పోవద్దు

వసంత డబ్బా మూత తీసింది.

మామిడి గుజ్జు మట్టిరంగుకు తిరిగింది. పెద్ద డబ్బాలో నింపి ఇంటి ఫ్రిజ్‌లో పెట్టింది. గడ్డకట్టడానికి రాత్రంతా పట్టింది. ఆలోపే రంగు చచ్చిపోయింది.

"బాపుకు చూపియ్యకమ్మా," అంది కూతురు హరిత. "మొన్నటిది చూసి గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. గిట్ల నల్లబడితే విటమిన్లు గూడ పోతయంట."

"విటమిన్లకు మందులున్నయి బిడ్డా."

వసంత భర్త బిక్షపతి మహబూబాబాద్ దిక్కు మామిడి తోటలు గుత్తకు పట్టిన మనిషి. కాయను దూరం నుంచే చూసి ధర చెప్పేవాడు. అలాంటి కంటిని మోసం చేయడం ఎవరి తరం?

సీజన్ అయిపోయింది. కొత్తగూడ నుంచి వచ్చిన ఆఖరి గంపలో మిగిలిన పండ్ల రసం తీసి, వసంత జనగామ బస్టాండు దగ్గరి ఐస్‌క్రీమ్ దుకాణానికి పరుగెత్తింది.

"పల్చటి ప్యాకెట్లల్ల పోసి, గాలి తీసి, నా మిషన్ల పెడితే జల్ది రాయైతది," అన్నాడు దుకాణం ఎల్లేశ్. "రంగు చాన మట్టుకు ఆగుతది. నిమ్మరసం కలిపితే ఇంక పక్కా. కాని పులుపెక్కి రుచి పోతది."

"కలుపు తమ్మీ."

"జరంత కలుపుతా..."

"మంచిగ కలుపు. రుచి పోతే పోనియ్యి. రంగు పోవద్దు."

ఎల్లేశ్ పకపకా నవ్వాడు. "గిదేం బేరమక్కా! తింటరా, ఇంటికి సున్నమేస్తరా?"

వసంత నవ్వలేదు. నిమ్మకాయలు తనే అందుకుని పిండింది.

మర్నాడు ఒక ప్యాకెట్ నీళ్ళ గిన్నెలో వేసి, తల్లీకూతుళ్ళు దాని మీదికి వంగారు. పైనంతా మంచు. కింద ఏ రంగుందో తెలియడం లేదు. ఇదీ పోతే మళ్ళీ వేసవిదాకా మామిడి లేదు. అంతదాకా బిక్షపతి ఉంటాడో లేడో డాక్టరు చెప్పలేదు.

మంచు కరిగింది. హరిత అంచు కత్తిరించింది.

పసుపు. ఎండలో పెట్టినట్టు మెరిసే పసుపు.

హరిత వేలు ముంచి నాకి మొహం ముడుచుకుంది. "అబ్బ! నోట్ల పెట్టేటట్టు లేదమ్మా!"

వసంత గుజ్జులో నీళ్ళు కలిపి, పల్చగా వడగట్టి, మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. బిక్షపతి గిన్నెలోకి చూశాడు. గోడవైపు తిరగలేదు.

వసంత సిరంజి నింపి పైకెత్తింది. ముక్కులోకి పోయే సన్నని గొట్టంలో పసుపు మెల్లగా దిగుతుంటే, నెలల తరబడి నాలుక మీద చుక్క నీళ్ళైనా పడని బిక్షపతి దాన్నే చూస్తూ పెదాలు చప్పరించాడు.