కళ్ళు దిద్దని దేవత

నిలువనీడ లేనివాళ్ళు పడుకునే హాల్లో, పెచ్చులూడిన గోడ మీద పెయింటర్ నిలువెత్తు దేవతను గీయడం మొదలుపెట్టాడు. ఆనాటి నుంచి అందరూ తల దువ్వుకుని మరీ పడుకుంటున్నారు. చివర్న కళ్ళు దిద్దబోతే మూలమంచం అవ్వ అడ్డుపడింది.

“వద్దు నాయనా. ఇన్నేళ్ళూ ఫుట్‌పాత్ మీద అందరి కళ్ళూ పడుతుండగానే పడుకున్నాం. ఈమైనా మమ్మల్ని చూడకుండా ఉండనీ.”

అతను కళ్ళు దిద్దకుండానే వెళ్ళిపోయాడు.

రాత్రి కాపలా నాది. రెండింటికి టార్చి వేస్తే, దేవత ముఖం మీద అతను ఖాళీగా వదిలేసిన చోట మూసిన రెప్పలు కనిపించాయి. ముప్పై మంచాల మీది ఊపిరితో పాటు గోడలోంచి కూడా సన్నగా ఊపిరి వినిపిస్తోంది.

పాపం, నిద్ర చెడగొట్టడమెందుకని టార్చి ఆర్పాను. స్విచ్ టక్కుమంది.

గోడలో ఊపిరి ఆగిపోయింది.