తడి మేజోడు

"నాకు వాసన రావట్లేదండీ," అంటూ సంపాదకురాలు కాగితం వెనక్కిచ్చేసింది. ఇది మూడోసారి.

పోస్ట్‌మన్ ముఖం వాడిపోయింది. పిల్లల పత్రికలో నాన్న గేయం వస్తోందని కూతురు అప్పుడే క్లాసంతా చాటింపు వేసేసింది. ఈ సాయంత్రమే పేజీ అచ్చుకి వెళ్తుంది. ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలి?

"మేజోడు కంపు కొట్టిందని రాశాను కదండీ!"

"మీరు చెబితే సరిపోతుందా? నాకు తెలియొద్దూ? కంపు అన్న మాటే రాకూడదు. అరగంట టైముంది, కానివ్వండి."

ముందుగదిలో బల్ల మీద కూలబడ్డాడు. ఎంత బుర్ర గోక్కున్నా ఒక్క ముక్క రాలలేదు. చివరికి తెగించి బూటు విప్పాడు. మూడు రోజులుగా వానలో ఉత్తరాలు పంచుతూ తిరిగిన కాలు మరి! మేజోడు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే గబగబా రాసేశాడు.

అచ్చుగదిలో వాళ్ళు ముక్కులు మూసుకుని తలో దిక్కూ పరుగెత్తారు. సంపాదకురాలు మాత్రం నింపాదిగా వచ్చి పక్కనే కూర్చుంది. ఆవిడ మర్యాదకి పోస్ట్‌మన్ సిగ్గుతో చచ్చిపోయాడు. గబుక్కున బూటు తొడిగేసుకున్నాడు.

"చదవండి," అని ఆవిడ కళ్ళు మూసుకుంది.

*మూడు వానలు తాగిన మేజోడు,*
*మూల బూటులో మాగిన మేజోడు!*
*విరిగిన పాలలో ఊరినట్టుంది,*
*వేలితో తాకితే జారినట్టుంది!*
*బల్లి తుమ్ముతూ గోడ దిగింది,*
*ఎలుక మూటాముల్లె సర్దేసింది!*

ఆవిడ చటుక్కున ముక్కు మూసుకుంది.

"అబ్బబ్బ! ముందా కిటికీలు తియ్యండి బాబూ!" అంటూ పడీపడీ నవ్వింది. నవ్వుతూనే కాగితం మీద సంతకం గీకి, తనే అచ్చుగదికి పట్టుకెళ్ళింది.

పోస్ట్‌మన్ ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే, సంపాదకురాలి చెల్లెలు, అక్కడే ప్రూఫులు దిద్దే ఆమె, గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమైందమ్మా? గేయం బాలేదా?" అన్నాడు కంగారుగా.

"అయ్యో, అదేం కాదన్నయ్యగారూ," అందామె నవ్వబోతూ. "మా అక్కకి పుట్టుకతోనే ఏ వాసనా తెలియదు."