ఎవరి అతిథులు?

“మీ అమ్మగారు వేడివేడిగా తెచ్చిచ్చిన రొట్టెను మేం మరచిపోలేం.”

సెలవులకొచ్చేవాళ్ళకి రోజుల లెక్కన అద్దెకిచ్చే తన ఇంటి మీద ఎవరో రాసిన ఆ రివ్యూ ఫోన్‌లో చదివి ఈమర్ తికమకపడింది.

వాళ్ళమ్మ ఉండేది డబ్లిన్‌లో. రొట్టె చేయడం మాట అటుంచి, కొన్న రొట్టెను మాడ్చకుండా కాల్చడం కూడా ఆవిడకి చేతకాదు.

కిందే ఇంకొకటి ఉంది. “నీళ్ళు కాగే స్విచ్ బట్టల అలమారాలో ఉంటుందని ఎర్ర కోటు పెద్దావిడ చూపించకపోతే చలికి బిగుసుకుపోయేవాళ్ళం.”

ఆ కింద మరొకటి. “పాపకి జ్వరమొస్తే మీ పిన్నిగారే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.”

అమ్మ, పెద్దావిడ, పిన్ని! ఆ ఇంట్లో అతిథుల్ని చూసుకోడానికి ఈమర్ ఎవర్నీ పెట్టలేదు. పక్క టౌను నుంచి వచ్చి శుభ్రం చేసి పోయేవాళ్ళని అడిగితే, మాకేం తెలీదన్నారు.

కిల్‌బ్రాన్ అనే పల్లెలో సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఇంటిని, తానుంటున్న ఫ్లాటు తాకట్టు పెట్టి మరీ కొంది ఈమర్. అద్దెకొచ్చేవాళ్ళు తగ్గితే రెండూ పోతాయి. కొనిపించింది పెదనాన్న కొడుకు కోనల్. అలాంటి ఇళ్ళు చాలా నడుపుతాడు. సలహాలు ఉచితం.

“తలుపు పక్కన తాళంచెవి పెట్టె బిగించు. దాన్ని తెరిచే నంబరు మెసేజ్‌లో పంపు. అతిథుల మొహం కూడా చూడక్కర్లేదు. నువ్వు నిద్రపోతుంటే డబ్బులు రాలతాయి” అని అరచేతిలో వైకుంఠం చూపించాడు.

ఇప్పుడూ అతనికే ఫోన్ చేసింది.

“ఎవరో ముసలావిడ నా ఇంట్లో దిగేవాళ్ళకి రొట్టెలు పెడుతోంది, కోనల్.”

“అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడక్కుండా పెడుతోందంటే ఏదో మతలబు ఉంది. రేపు కాలు జారి నీ గుమ్మంలో పడితే కేసు నీ మీదే. ముందు ఆవిణ్ణి రానీకు.”

ఆ శనివారమే ఈమర్ కారేసుకుని వెళ్ళింది.

పెరటి గుమ్మంలో ఎర్ర కోటు వేసుకున్న పెద్దావిడ బూట్ల బురద గీరుకుంటోంది. చేతిలో బుట్ట, బుట్టలో గుడ్డ చుట్టిన రొట్టె.

ఈమర్‌ని చూడగానే నవ్వింది.

“వచ్చారా తల్లీ! సాయంత్రానికి గానీ రారనుకున్నా. నేను డెలియాని. స్నానానికి ముందు ఆ స్విచ్ వేసుకోవాలి, రా చూపిస్తా.”

“నేను అతిథిని కాదండీ. ఈ ఇల్లు నాది.”

“ఓహో, నువ్వేనా! ఇన్నాళ్ళకి మొహం చూపించావు.”

“మిమ్మల్ని ఎవరు పంపారు?”

“ఎవరు పంపాలి? పొద్దుపోయి దిగుతారు, అప్పటికి కొట్టు కట్టేస్తారు. పిల్లల్ని ఖాళీ కడుపుతో పడుకోబెడతామా?”

“దీనివల్ల మీకేంటి లాభం?”

డెలియా ఆ ప్రశ్న అర్థం కానట్టు చూసింది.

“లాభమేముంది తల్లీ. మన ఊరొచ్చారు కదా వాళ్ళు.”

ఈమర్‌కి ఇంకా అయోమయంగా ఉంది. అడక్కుండా మేలు చేసేవాళ్ళతో ఎలా మాట్లాడాలో ఆమెకెవరూ నేర్పలేదు. నోటికి కోనల్ మాటలే వచ్చాయి.

“దయచేసి ఇక రాకండి. మళ్ళీ వస్తే ఫిర్యాదు చేయాల్సి వస్తుంది.”

పెద్దావిడ మొహం కాస్త చిన్నబోయింది.

“అలాగేలే. నీ ఇల్లు, నీ ఇష్టం.” రొట్టెను కిటికీ గట్టు మీద పెట్టింది. “ఇవాళ వచ్చే ఆయన దారి కనుక్కోడానికి కొట్టుకి ఫోన్ చేశాడు, బీపీ ఉందట. ఉప్పు తగ్గించి చేశాను, చెప్పు.”

వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఇక చూడాలి రివ్యూల సంగతి! “చన్నీళ్ళు.” “పొయ్యి రాజేయడం రాలేదు, ఇల్లంతా పొగ.” “అడుగుదామంటే మనిషన్నవాడు లేడు.”

“స్విచ్ మీద కాగితం అంటించు, సైట్‌లో ఫోటోలు మార్చు” అన్నాడు కోనల్.

కాగితం అంటించింది, ఫోటోలూ మార్చింది. కాగితం పలకరిస్తుందా, రొట్టె చేస్తుందా? వేసవి మధ్యకొచ్చేసరికి వారాలకి వారాలు ఇల్లు ఖాళీగా పడుంది. బ్యాంకు వాళ్ళు రెండుసార్లు పిలిచారు. ఇంతకీ జనం వచ్చింది తన ఇంటికా, ఆ పెద్దావిడ కోసమా అన్నది ఈమర్‌కి అప్పటికి గానీ తట్టలేదు.

“ఆవిణ్ణి జీతానికి పెట్టుకుంటాను” అంది.

కోనల్ పగలబడి నవ్వాడు. “రొట్టెలావిడకి జీతమా? నీ వ్యాపారం మూసుకో!”

ఈమర్ ఫోన్ పెట్టేసి కిల్‌బ్రాన్ బయల్దేరింది. ఊళ్ళో కొట్టు నడిపే ఫింటన్‌ని అడిగింది.

“డెలియా ఇల్లెక్కడండీ?”

“ఒడ్డున ఇల్లు కొన్న డబ్లిన్ అమ్మాయివి కదూ? దారి తప్పావా, ఊళ్ళోకి వచ్చావు!” అని నవ్వి, ఆమె అడిగిన పేరు గుర్తొచ్చినట్టు నవ్వు ఆపేశాడు. “డెలియా లేదమ్మా. గాల్వేలో చెల్లెలి పంచన చేరింది. పోయిన నెలే వెళ్ళిపోయింది.”

“అయ్యో! నా ఇంట్లో పని ఇద్దామని వచ్చాను. అతిథుల్ని చూసుకునే పని. ఆవిడకి బాగా తెలిసినట్టుంది.”

ఫింటన్ ఆమె వంక వింతగా చూశాడు. నిజంగానే ఏమీ తెలీదని అర్థమయ్యాక, కౌంటర్ దాటి వచ్చి గుమ్మంలో నిలబడి వీధికి అటువైపు చూపించాడు. వరసగా మూసిన కిటికీలతో రెండంతస్తుల ఇల్లు.

“తెలీకేం తల్లీ! అదే డెలియా ఇల్లు. వాళ్ళమ్మ కాలం నుంచీ ఊరికొచ్చేవాళ్ళకి గదులు అద్దెకిచ్చి, అన్నం పెట్టి బతికిన ఇల్లు. నీ ఇల్లు తెరిచాక దాని తలుపు తట్టినవాడు లేడు.”