నచ్చకపోతే దిగిపోవచ్చు

బస్సు ఇంకా కదలనే లేదు, పూజిత అప్పుడే దిగిపోయే దారి చూసి పెట్టుకుంది.

ఈ ఉపాయం సంబంధాలు కుదిర్చే శారదమ్మది. అటు తండ్రీ కొడుకు, ఇటు తల్లీ కూతురు. నలుగురూ కోఠిలో ఒక్కరోజు సిటీ పాస్ తీసుకోవాలి. ఆ పాస్ ఉంటే టూరిస్టు బస్సు ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు, మ్యూజియం చూడొచ్చు, ప్యాలెస్ చూడొచ్చు. ప్రతిచోటా బస్సు కాసేపు ఆగి తన మనుషుల్ని ఎక్కించుకుని కదులుతుంది. సంబంధం నచ్చిందా, చివరిదాకా అదే బస్సులో కూర్చోవాలి. నచ్చలేదా, ఏదో ఒక స్టాపులో ఉండిపోయి వెనకాల బస్సు పట్టుకోవాలి. కారణం ఒకరు అడిగేది లేదు, ఒకరు చెప్పేది లేదు.

చూపులు ఇంట్లోనే పెట్టుకోవచ్చు కదా అని పూజిత అడగలేదు. మాదన్నపేటలో వాళ్ల గుమ్మం ముందు ఆటో ఆగితే చాలు, గల్లీ మొత్తానికి ఆ పూట కాలక్షేపం. పోయినసారి వచ్చినవాళ్లు చాయ్ తాగకముందే బయట గుసగుసలు మొదలయ్యాయి. కప్పులు కింద పెట్టి వెళ్లినవాళ్లు మళ్లీ ఫోనెత్తలేదు.

టూరిస్టు బస్సులో ఆ బెడద లేదు. పాతబస్తీలో పుట్టినవాడెవడూ టికెట్ కొనుక్కుని మరీ పాతబస్తీ చూడడు.

అయినా పూజితకు ఏదీ తేలడం లేదు. కోఠిలో మూర మల్లెలు కొంది. పెట్టుకోవాలా వద్దా అని తల్లీ కూతుళ్లు బస్సెక్కేదాకా గొణుక్కున్నారు. చివరికి పూలు సంచిలోనే ఉండిపోయాయి.

అటువాళ్లు రెండు వరసల ముందు కూర్చున్నారు. మొఘల్‌పురాలో బర్రెలు పెట్టుకుని పాలు పోసే విశ్వేశ్వర్, ఆయన కొడుకు బాలరాజ్. ఇద్దరి చొక్కాలకూ ఇస్త్రీ మడత ఇంకా విడలేదు. నయాపూల్ మీద బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు బాలరాజ్ ఒకసారి వెనక్కి తిరిగాడు. పూజిత చటుక్కున కిటికీలోంచి మూసీని చూడసాగింది, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చూస్తున్నట్టు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో జనమంతా గంటలు కొట్టే గడియారం ముందు చేరారు. పెద్దవాళ్లిద్దరికీ పక్కపక్కన చోటు దొరికింది. పిల్లలిద్దరూ ఓ పక్కన నిలబడ్డారు.

"ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు," అంది పూజిత. "ఇంట్ల తాగుడు గిట్ల ఉన్నదా?"

"బోనాలకు కల్లు. మిగతా దినాలు చాయ్," అన్నాడు బాలరాజ్. "కోపం సంగతి గూడ అడుగుతరేమో. అది ఉన్నది. బర్రెల మీదనే."

పూజిత నవ్వాపుకుని తక్కినవన్నీ అడిగేసింది. బాలరాజ్ దేనికీ తడుముకోలేదు. ఆడదిక్కు లేని ఇల్లు, వంట తండ్రీ కొడుకులదే, ఉప్పు మాత్రం రోజూ ఎక్కువే పడుతుందని ఒప్పేసుకున్నాడు. తర్వాత అతని వంతు.

"పాల వ్యాపారం. తెల్లారకముందే లేవాలె. కష్టం కాదా?"

"మాది కూరగాయల దుకాణం. మార్కెట్ల బండ్లు దిగేటాళ్లకు లేచి ఉంటం. మీ బర్రెలను మేమే లేపుతం."

అంతలో గడియారంలోంచి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టింది. అందరూ గడియారాన్ని చూస్తుంటే పూజిత తల్లిని చూసింది. కృష్ణమ్మ కూడా గడియారాన్ని చూడటం లేదు. విశ్వేశ్వర్ చెప్పిన ఏదో మాటకు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. అమ్మ నవ్విందంటే సగం పని అయినట్టే. ఈ సంబంధం మీద తను ఎంత ఆశ పెట్టుకుందో పూజితకు అప్పుడే తెలిసింది.

ఆ ఆశ బస్సు దాకా నిలిచింది. ఎక్కి చూస్తే ముందు సీట్లు రెండూ ఖాళీ.

పూజిత మెట్టు మీదే నిలబడిపోయింది. "ఒక్క నిమిషం భాయ్, ఇంకిద్దరు రావాలె."

"ఎనకాల ఇంకో బస్సున్నదమ్మా, దాంట్ల వస్తరు," అని డ్రైవర్ బండి కదిలించాడు.

వెనకాల బస్సు. శారదమ్మ చెప్పిన మాటే.

కృష్ణమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "పోనీయే బిడ్డా. మనకు రాసిపెట్టి లేదు," అంది. ఆమె గొంతు మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. పూజిత తనను తానే తిట్టుకుంది. ఆ తాగుడు సంగతి ఇవాళే అడగాలా? బర్రెల మీద ఆ వెటకారం ఎందుకు? నోరు కాస్త అదుపులో పెట్టుకుంటే ఏం పోయేది?

చౌమహల్లా ప్యాలెస్ దగ్గర దిగారే గానీ, లోపలికి వెళ్లబుద్ధి కాలేదు. గేటు దగ్గరే నిలబడ్డారు. ఇంటికి పోదామని పూజిత అనబోతుండగా వెనకాల బస్సు వచ్చి ఆగింది. దాంట్లోంచి విశ్వేశ్వర్ దిగాడు, రొప్పుతూ, ఓ గుడ్డసంచిని గుండెకు హత్తుకుని. వెనకే బాలరాజ్.

మ్యూజియంలోకి సంచులు రానివ్వరు. కౌంటర్‌లో ఇచ్చిన సంచి మర్చిపోయి బస్సుదాకా వచ్చి, మళ్లీ దానికోసం పరుగెత్తారట. అందులో విశ్వేశ్వర్ పొద్దున్నే స్వయంగా కాచిన కోవా ఉంది.

"జరంత మాడింది," అన్నాడాయన, డబ్బా మూత తీసి నేలచూపులు చూస్తూ.

కృష్ణమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుంది. "మాడలే," అంది. మాడిన వాసన పూజిత దాకా వస్తోంది.

లోపల ఫౌంటెన్ పక్కన పెద్దవాళ్లు కూర్చున్నాక, బాలరాజ్ పూజితను కొంచెం దూరం తీసుకెళ్లాడు.

"బస్సు తప్పినాక మీరేమనుకుంటరో అని మస్తు ఫికరైంది. మా దిక్కు నుంచి ఖాయం. ఇగ మీరే చెప్పాలె."

పూజిత చున్నీ సర్దుకుని, ఫౌంటెన్ పక్కన కూర్చున్న ఇద్దరి వైపు ఒకసారి చూసి, "మా అమ్మను మీ బాపుకిచ్చి చేసుడు నాకు ఇష్టమే అన్నా," అంది.